టోబీ మీద రాసిన వాక్యం

"ఆ మాట నేను రాయను."

సబీనా కలం తీసి సిరాబుడ్డి పక్కన పెట్టింది. విసిరి కొట్టలేదు. గూట్లో గుడ్డు పెట్టినంత నెమ్మదిగా పెట్టింది. ఆ నెమ్మది చూసి యోస్ట్ గ్రోబ్‌కి ఒళ్ళు మండిపోయింది.

"ఏ మాట?"

"ఇప్పుడు నువ్వు చెప్పిన మాట."

"గంట నుంచీ చెప్తున్నాను. రెండు పేజీలు రాశావు. రాయి ఏ కొండదో రాశావు, సున్నం ఎక్కణ్ణుంచి తెప్పించామో రాశావు, వాన ఎన్నాళ్ళు కురిసిందో రాశావు. అప్పుడు లేని నొప్పి ఇప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చింది నీ వేళ్ళకి?"

"నొప్పి వేళ్ళకి కాదు."

యోస్ట్ కుడిచెయ్యి మోచేతిదాకా గుడ్డ చుట్టి, మెడకి కట్టిన తువ్వాల్లో వేలాడుతోంది. పోయిన మంగళవారం రోట్‌బాఖ్ వాగు మీద కడుతున్న వంతెన నడిమి కమాను కూలినప్పుడు ఆ చేత్తోనే రాళ్ళు లాగాడు. రాళ్ళ కింద వడ్రంగి మేస్త్రీ టోబీ ఉన్నాడు, తాపీపని చేసే ఊలి ఉన్నాడు. లాగుతుండగా పైనుంచి ఇంకో రాయి జారి చేతిమీద పడింది. ఎడమ చేత్తో ఇంకా లాగాడు. ఇద్దర్నీ బయటికి తీశాడు గానీ ఇద్దరూ బతకలేదు. శుక్రవారం నాడు ఒకే గంట మోతకి ఇద్దర్నీ పూడ్చిపెట్టారు.

రేపు పొద్దున్న పదింటికి సాంక్ట్ గాలెన్‌లో విచారణ. వంతెన కడుతున్న ఇంజినీరుగా యోస్ట్ తన వాంగ్మూలం ముందుగా రాసి పంపాలి. నాలుగు గంటల తపాలా బండిలో అది వెళ్ళితీరాలి. ఇప్పుడు రెండున్నర దాటింది.

గుమాస్తాతో రాయించుకోవచ్చు. కానీ గుమాస్తా నోరు ఊరిమధ్య నీళ్ళతొట్టి, ఎవరొచ్చినా ముంచుకుపోవచ్చు. అందుకే పెళ్ళాన్ని కూర్చోబెట్టాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన లెక్కలూ ఉత్తరాలూ శుభ్రంగా తిరగరాసి పెట్టే చెయ్యి ఆమెది.

"చదువు," అన్నాడు పళ్ళు బిగించి. "ఎక్కడిదాకా వచ్చామో చదువు."

సబీనా కాగితం వైపు చూడకుండానే చెప్పింది. "'సెప్టెంబరు ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం, నడిమి కమాను కింద చెక్క చట్రాన్ని ఎత్తిపట్టి ఉంచిన చీలలను...' అక్కడ ఆపాను."

"ఆపావుగా, ఇప్పుడు రాయి. 'వడ్రంగుల మేస్త్రీ టొబియాస్ లూస్, నా అనుమతి లేకుండా, తన సొంత నిర్ణయం మీద సడలించాడు.' ఒక్క వాక్యం. చుక్క పెట్టు, అయిపోయింది."

సబీనా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

పొయ్యి పక్కన ముసలావిడ ఎల్స్‌బెత్, యోస్ట్ తల్లి, బేరిపళ్ళు ముక్కలు కోస్తోంది. చాకు ఆగలేదు. పళ్ళెంలో ముక్క పడ్డ చప్పుడు ఒకటి, మళ్ళీ ఒకటి.

"ఆ వేళ పొద్దున్న టోబీ ఈ బల్ల దగ్గరే కూర్చున్నాడు," అంది సబీనా. "కాఫీలో రొట్టె ముంచుకుంటూ ఏమన్నాడో విన్నాను. నువ్వేమన్నావో కూడా విన్నాను."

"ఏం విన్నావ్?"

"'పద్దెనిమిది రోజులు వాన తాగిన సున్నం యోస్ట్, వేలు పెడితే దిగుతోంది. ఇంకో రెండు వారాలు చట్రం తియ్యకుండా ఆగుదాం' అన్నాడు. గురువారం రైలు కంపెనీ పెద్దలొస్తున్నారు, వాళ్ళకి కమాను కమానులా కనపడాలి గానీ కట్టెల పందిరిలా కాదు అన్నావు నువ్వు. మళ్ళీ వద్దన్నాడు. అప్పుడు నువ్వు..."

"చాలు."

"'భయమైతే ఇంటికెళ్ళి ఆవు పాలు పితుక్కో. సుత్తి పట్టేవాళ్ళకి నాకు కరువు లేదు' అన్నావు."

"చాలన్నానా!"

"వాడు కాఫీ సగంలో వదిలేసి లేచాడు. తన కింది పనివాళ్ళని పంపొచ్చు. పంపలేదు. తనే చట్రం కింద దూరాడు. నువ్వన్న మాట వాడి వీపు మీద ఉంది కాబట్టి దూరాడు."

యోస్ట్ ఎడమ చేత్తో బల్లని గుద్దాడు. సిరాబుడ్డి ఎగిరి నిలబడింది.

"నాకైతే ఏమీ వినపడలేదు," అంది ముసలావిడ పళ్ళెంలోకి చూస్తూ. "నాకు చెవుడు. ఊరందరికీ తెలుసు."

పిల్లి పాలగిన్నె ముట్టుకుంటే రెండు గదుల అవతల్నుంచి అరిచే చెవి ఆవిడది. అదీ ఊరందరికీ తెలుసు.

"ఇంకో సంగతి," అంది ఆవిడ. "నా ఎదురుగా మొగుణ్ణి 'మీరు' అనేదానివి. ఇన్నేళ్ళూ అన్నావు. ఇవాళేమైంది ఆ మర్యాదకి?"

"ఇవాళ దానికి తీరిక లేదత్తయ్యా."

"నేత నేసుకునేవాళ్ళ పిల్లని చేసుకోవద్దురా అంటే విన్నాడు కాదు."

"రాళ్ళు కొట్టుకునేవాళ్ళ ఇంటికి ఇంకెవరొస్తారు?"

ముసలావిడ చాకు ఆగింది. యోస్ట్ ఇద్దరి మధ్యా నిలబడి, "నోళ్ళు ముయ్యండి!" అని అరిచాడు. అరుపుకి చెయ్యి కదిలి, నొప్పికి మొహం తెల్లబడింది. కాసేపు కిటికీ చెక్క పట్టుకుని నిలబడ్డాడు. సబీనా లేవబోయింది. మళ్ళీ కూర్చుంది.

యోస్ట్ మళ్ళీ మొదలుపెట్టినప్పుడు గొంతు తగ్గింది గానీ కోపం తగ్గలేదు.

"నీకు వాక్యం కనపడుతోంది. నాకు ఏం కనపడుతోందో చెప్పనా? ఎనభైమంది కనపడుతున్నారు. ఈ చలికాలానికి పని ఉందని ఇళ్ళల్లో చెప్పుకున్నవాళ్ళు. రేపు తప్పు నాదని తేలిందా, పని నా చేతుల్లోంచి పోతుంది. ఆ వింటర్‌టూర్ ఊరి ఇంజినీరు కాచుకుని కూర్చున్నాడు. ఇనప వంతెన వేస్తాట్ట. వాడి మనుషుల్ని వాడు తెచ్చుకుంటాడు. మనవాళ్ళు ఎనభైమందీ మళ్ళీ నేలమాళిగల్లో మగ్గాల దగ్గరికి పోయి దగ్గుకుంటూ చస్తారు. అందుకు సంతకం పెడతావా?"

సబీనా రాసిన రెండు పేజీలూ అంచులు కలిపి పేర్చింది.

"పైగా వాళ్ళు నన్నేమంటారో తెలుసుగా? 'తాపీ ఇంజినీరు.' జూరిక్‌లో పెద్ద చదువులు చదివిన పిల్లకాయలు, మీసాలు సరిగ్గా రానివాళ్ళు, నా నక్షాలు చూసి నవ్వుతారు. 'రాళ్ళు కొట్టే చేత్తో గీశాడు కదా, అందుకే గీత ఇంత లావుంది' అని నా ముందే అన్నాడొకడు. ఆరు వంతెనలు కట్టాను. ఒక్కటి, ఒక్కటి బీటవారలేదు. ఈ ఏడోది నిలబెట్టి వాళ్ళ నోళ్ళు మూయిద్దామనుకున్నాను."

"నోళ్ళు మూయించడానికే తొందరపడ్డావు."

"అవును, పడ్డాను! ఏం, మనిషిని కాదా? తప్పు చేశాను. అది నాకు తెలుసు, పైనున్న దేవుడికి తెలుసు. కానీ టోబీ పోయాడు. చచ్చినవాడికి ఏ పేరైతేనేం? బతికున్నవాళ్ళకి బువ్వ కావాలి. వాడే గనక ఇప్పుడొచ్చి ఇక్కడ నిలబడితే, 'నా మీద వేసెయ్ యోస్ట్, నాదేం పోయింది' అనడూ? నీకు తెలీదా వాడి సంగతి?"

"అంటాడు," అంది సబీనా. "తప్పకుండా అంటాడు. కానీ అది వాడు అనాలి. నువ్వు వాడి తరఫున అనకూడదు."

"పరువు ఉడకబెట్టుకుని తింటే కడుపు నిండదమ్మా," అంది ముసలావిడ, ఈసారి నిజంగానే కోపం లేకుండా. "నాకు పదేళ్ళప్పుడు ఈ లోయలో జనం గడ్డి పీక్కుని తిన్నారు. పశువుల పక్కన వంగుని పీక్కున్నారు. నా చెల్లెలు నోట్లో గడ్డితో పోయింది. అప్పుడు ఎవరి పేరు మంచిదో, ఎవరిది చెడ్డదో ఎవరూ అడగలేదు. రాసివ్వు."

"అత్తయ్యా, టోబీ పెళ్ళాం కథ్రీనాకి రేపట్నుంచి ఈ ఊళ్ళో నడిచే మొహం ఉంటుందా? దానికి మొగుడి మంచిపేరొక్కటేగా మిగిలింది."

"కథ్రీనాకి నేను లోటు రానివ్వను," అన్నాడు యోస్ట్ గబగబా. "దాని ఇంట్లో పొయ్యి ఆరనివ్వను. ప్రమాణం చేస్తాను."

"మొగుడి పేరు తీసుకుని రొట్టె ఇస్తావన్నమాట."

యోస్ట్ ఆమెకేసి చూసిన చూపుకి ఇంకొకత్తె అయితే తల దించుకునేది. సబీనా దించుకోలేదు. ఆ లోయలో నేతపనివాళ్ళ పిల్లలు చిన్నప్పట్నుంచీ చీకట్లో సన్నటి దారాలు చూసి చూసి, రెప్ప వెయ్యకుండా చూడటం నేర్చుకుంటారు.

"డోర్లీ!" అని కేక పెట్టాడు యోస్ట్. "డోర్లీ, ఇలా రా!"

---

పక్కగదిలో నక్షా బల్ల దగ్గర ఉన్న కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది. డొరొథేఆకి పందొమ్మిదేళ్ళు. తండ్రి చెయ్యి దెబ్బతిన్న దగ్గర్నుంచీ ఆయన నక్షాలన్నీ తనే గీస్తోంది. గోడలు పల్చటివి. అన్నీ వినే ఉంటుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కూర్చో. రాయి."

డోర్లి తల్లి వైపు చూసింది.

"నన్ను చూడకు," అంది సబీనా. "రాయకు అని నేను చెప్పను. చిన్నపిల్లవి కాదు. ఏం రాస్తున్నావో తెలిసి రాయి."

"ఇది న్యాయం కాదమ్మా," అంది డోర్లి. "మీరిద్దరూ కొట్టుకుని నన్ను మధ్యలో నిలబెట్టడం న్యాయం కాదు."

"కాదు," అంది తల్లి. "కూర్చో."

తల్లి లేచిన కుర్చీలో కూతురు కూర్చుంది. యోస్ట్ వెనక నిలబడి ఒక్కో ముక్కా చెప్పాడు. డోర్లి రాసింది. 'టొబియాస్ లూస్' దగ్గర కలం ఒకసారి ఆగింది. ఆమెకి రంపం పట్టుకోవడం నేర్పినవాడు ఆయన. 'టోబీ మామా, నాకు మగపిల్లల్లా పని నేర్పు' అంటే, 'నేర్పుతా గానీ, మగపిల్లల్లా వంకరగా కొయ్యనంటేనే' అన్నవాడు. తండ్రి, "ఊఁ," అన్నాడు. కలం కదిలింది. 'నా అనుమతి లేకుండా.' 'తన సొంత నిర్ణయం మీద.' చుక్క.

గదిలో ఎవరూ ఎవర్నీ చూడలేదు. సబీనా పొయ్యిలో కట్టె తోసింది. ముసలావిడ మళ్ళీ చాకు అందుకుంది.

యోస్ట్ కాగితం తీసుకుని వెలుతురు దగ్గర పట్టుకుని చదివాడు. చదివింది మళ్ళీ చదివాడు. గెలిచినవాడి మొహం కాదది. కాగితం బల్ల మీద పరిచి, ఎడమ చేత్తో సంతకం పెట్టడానికి కలం అందుకున్నాడు. అలవాటు లేని చెయ్యి. కలం వేళ్ళమధ్య జారిపోతోంది.

అప్పుడు వంటింటి వైపు తలుపు ఎవరో తట్టారు. తట్టడమే గానీ, జవాబు కోసం ఆగలేదు.

కథ్రీనా. టోబీ పెళ్ళాం.

నల్ల శాలువా తలనుంచి తుంటి దాకా తడిసి ఒంటికి అంటుకుపోయింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. బయట వాన లేదు.

"అయ్యో, ఏమిటే ఇది?" సబీనా పరుగున వెళ్ళి శాలువా లాగేసింది. "ఈ చలిలో! ఏమైంది?"

"ఊలి తల్లి," అంది కథ్రీనా. పళ్ళు కొట్టుకుంటున్నాయి. అది చలికో కోపానికో తెలియలేదు. "తొట్టి దగ్గర నీళ్ళకెళ్ళాను వదినా. అందరూ ఉన్నారు. బకెట్టు నిండా ముంచి నా నెత్తిన గుమ్మరించింది. 'నీ మొగుడు నా కొడుకుని మింగాడు, నువ్వింకా ఈ తొట్టి నీళ్ళు ముట్టుకుంటావా' అంది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఉన్న ఒక్క కొడుకూ పోయినావిడ. ఆవిణ్ణి నేనేమంటాను?" కథ్రీనా యోస్ట్ వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, మీరే చెప్పాలి. ఊళ్ళో ఎవడో అంటున్నాట్ట, చీలలు మా ఆయన ఎవర్నీ అడక్కుండా తనంతట తనే కొట్టేశాడని. ఆయన అలాంటి మనిషా? పద్నాలుగేళ్ళు మీ దగ్గర చేశారు. మీరు చెప్పందే మేకు దిగగొట్టేవారు కాదు. ఇంట్లో మంచంకోడు విరిగినా రెండు రోజులు ఆగేవారు. 'ఏం, దీనికి కూడా యోస్ట్‌ని అడగాలా' అని నేను ఎగతాళి చేసేదాన్ని."

నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"ఎవరన్నారు ఆ మాట?" అని అడిగింది సబీనా. అడిగింది కథ్రీనాని. చూసింది మొగుణ్ణి.

"అదే తెలీదొదినా. తెలిస్తే వాడి నాలుక కోసి ఉప్పులో ఊరేసి ఉందును."

యోస్ట్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బుధవారం నాడు, చెయ్యి చూడ్డానికి వచ్చిన వైద్యుడితో అన్నాడా మాట. నొప్పిలో అన్నాడు. అంటే ఎలా ఉంటుందో చూద్దామని అన్నాడు. ఐదు రోజుల్లో అది తొట్టి దగ్గరికి చేరింది.

కథ్రీనా బల్ల మీద కాగితం చూసింది.

"ఇదేనా రేపటి కాగితం? పాస్టరుగారు చెప్పారు, మీరు రాసి పంపుతున్నారని. అందుకే ఇటొచ్చాను." తడి చేతులు లంగాకి తుడుచుకుంది. "మా ఆయన గురించి రాసిన ముక్క ఒక్కటి వినిపించండి. అచ్చక్షరాలైతే నేనే కూడబలుక్కుంటాను. చేతిరాత నాకు రాదు."

"ఇంకా పూర్తికాలేదు," అన్నాడు యోస్ట్.

"పూర్తికాకపోతేనేం. ఉన్నంతవరకు."

"పొయ్యిమీద పాలు పొంగుతున్నాయి సబీనా, చూడు," అంది ముసలావిడ.

పొయ్యిమీద పాలు లేవు.

"డోర్లి చదువుతుంది," అంది సబీనా. "రాసింది తనేగా."

కూతురు ఆమెకేసి చూసిన చూపులో అసహ్యం ఉంది. కానీ సబీనా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

డోర్లి కాగితం రెండు చేతులతో పట్టుకుని లేచి నిలబడింది. తండ్రి ఒక అడుగు ముందుకేశాడు. ఆగాడు. కథ్రీనా ముందు ఆ కాగితం ఎలా లాక్కుంటాడు?

"'సెప్టెంబరు ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం,'" డోర్లి చదివింది, "'నడిమి కమాను కింద చెక్క చట్రాన్ని ఎత్తిపట్టి ఉంచిన చీలలను, వడ్రంగుల మేస్త్రీ టొబియాస్ లూస్...'"

ఆగింది.

"'...టొబియాస్ లూస్ సడలించవద్దని చెప్పాడు. సున్నం ఇంకా పచ్చిగా ఉందని చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. నేను వినలేదు. నా ఆజ్ఞ మీదనే అతను చట్రం కిందికి వెళ్ళాడు.'"

ఆమె కళ్ళు కాగితం మీద లేవు. కాగితం పైఅంచు మీదుగా ఎదుటి గోడని చూస్తున్నాయి. కథ్రీనా అది గమనించలేదు. ఆమె యోస్ట్‌ని చూస్తోంది.



"ఆయన వద్దన్నారా?" అంది కథ్రీనా.

యోస్ట్ పెదాలు కదిలాయి. లేదు, అనొచ్చు. పిల్ల తప్పు చదివింది, అనొచ్చు. అంత చిన్న మాట. అది నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు.

"వద్దన్నాడే," అంది సబీనా. "ఇక్కడే, ఈ బల్ల దగ్గర."

"ఆయన వద్దంటే మీరు పంపారా?"

"కథ్రీనా..." అన్నాడు యోస్ట్.

"నన్ను పేరు పెట్టి పిలవకండి!" ఆ అరుపుకి ముసలావిడ చేతిలో చాకు జారి పడింది. "ఆ పొద్దున్న ఇంటికొచ్చి గొడ్డలి మార్చుకుని వెళ్ళారు. నాతో ఒక్క మాట అన్లేదు. ఏమిటలా ఉన్నారంటే, 'ఏం లేదే, యోస్ట్‌కి నిద్ర చాలలేదు' అన్నారు. అంతే అన్నారు. మిమ్మల్ని వెనకేసుకొచ్చే వెళ్ళారు చావడానికి!"

సబీనా ఆమె భుజం పట్టుకోబోయింది. కథ్రీనా విదిలించుకుంది.

"మీరూ విన్నారన్నమాట వదినా. శుక్రవారం నాడు సమాధి దగ్గర నా పక్కన నిలబడ్డారు. అప్పుడెందుకు చెప్పలేదు?"

ఇందాకట్నుంచీ రెప్ప వెయ్యని సబీనా ఆ మాటకి తల దించుకుంది.

కథ్రీనా తలుపు దాకా వెళ్ళి తిరిగింది. ఇప్పుడు వణుకు లేదు.

"మిమ్మల్ని నేను క్షమించను అన్నయ్యగారూ. చచ్చేదాకా క్షమించను. కానీ కాగితం మీద పెట్టారు. ఎవరూ అడక్కుండానే పెట్టారు. ఆ పని చేసేవాళ్ళు ఎంతమందుంటారు? దానికి మాత్రం... దానికి మాత్రం మీకు దణ్ణం. నేను ఊలి తల్లి దగ్గరికి పోతున్నాను. ఆవిడ నీళ్ళు గుమ్మరించాల్సింది ఎవరి మీదో ఆవిడకి తెలియాలి."

తలుపు దడాలున పడింది. శాలువా పొయ్యి పక్కనే ఉండిపోయింది. తడి జాకెట్టుతోనే వెళ్ళిపోయింది.

---

"పట్టుకోండి దాన్ని!" ముసలావిడ లేచి నిలబడింది. "తొట్టి దగ్గరికి చేరకముందే పట్టుకో యోస్ట్! ఒక్క ముక్క చాలు. పిల్ల తప్పు చదివిందని చెప్పు!"

"నువ్వు నోరు ముయ్యమ్మా."

ఆ ఇంట్లో ఎల్స్‌బెత్‌ని ఒక్కదాన్నే పట్టుకుని ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆవిడ కూలబడిపోయింది.

యోస్ట్ కూతురి దగ్గరికి వచ్చాడు. ఆయన మొహం చూసి డోర్లి వెనక్కి అడుగు వేసింది గానీ కాగితం వదల్లేదు.

"నన్ను ఉరి తీశావు," అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "మీ అమ్మ తాడు పేనింది, నువ్వు లాగావు. ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదు నాన్నా."

"మరి రాసిందొకటి, చదివిందొకటి ఎందుకయింది?"

"మీరు చెప్పింది రాశాను. మీరు నాన్నగారు, రాయమన్నారు, చెయ్యి రాసేసింది." కన్నీళ్ళు కారుతున్నాయి గానీ మాట తడబడలేదు. "ఆవిడ ఎదురుగా నిలబడితే నోరు పలకలేదు. నేనేం చెయ్యను? మీరు పలకగలరా? ఆవిడ ఉన్నప్పుడు మీరెందుకు పలకలేదు?"

ఎడమ చెయ్యి పైకి లేచింది. డోర్లి కళ్ళు మూసుకుంది. సబీనా ఒక్క అంగలో మధ్యకి వచ్చింది.

"కొడితే నన్ను కొట్టు."

చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తర్వాత బల్ల మీదికి దిగి సిరాబుడ్డిని ఊడ్చేసింది. బుడ్డి గోడకి తగిలి పగిలింది. సున్నం కొట్టిన తెల్లటి గోడ మీద నల్లగా జారుతున్న సిరాని నలుగురూ చూస్తూ ఉండిపోయారు.

"నీకు కావాల్సింది జరిగింది," అన్నాడు యోస్ట్, పెళ్ళాంతో. "సంతోషమేనా?"

"నేను సంతోషంగా కనపడుతున్నానా?"

"దానిచేత చదివించావు. నాతో పడలేక దాన్ని ముందుకి తోశావు. నేను టోబీని పంపినట్టే పంపావు."

అది సబీనాకి తగలాల్సిన చోటే తగిలింది. డోర్లి తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసి, కాగితం బల్ల మీద పెట్టి, పక్కగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

చర్చి వీధి మలుపులో తపాలా బండి కొమ్ము ఊదారు. నాలుగు కావడానికి పావుగంట.

యోస్ట్ కాగితం తీసుకున్నాడు. పళ్ళతో ఒక అంచు పట్టుకుని ఎడమ చేత్తో మడిచాడు. సంతకం లేని కాగితం. కోటు లోపలి జేబులో కుక్కుకున్నాడు. టోపీ పెట్టుకోలేదు. భుజం మీద వేసుకున్న కోటు ఒకవైపు జారిపోతున్నా సరిచేసుకోలేదు.

"ఎక్కడికి?" అంది సబీనా.

యోస్ట్ వీధితలుపు తెరిచే ఉంచి వెళ్ళిపోయాడు.

"వెళ్ళనీ," అంది ముసలావిడ సన్నటి గొంతుతో. "వాణ్ణి వాడి మానాన వెళ్ళనీ. ఇంటి పెద్ద వాడు."

సబీనా ఒక్క క్షణం కూతురు గడియ పెట్టుకున్న తలుపు వైపు చూసింది. దాని దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళి ఏదో ఒకటి చెప్పాలి. కొక్కేనికున్న తన ఉన్ని కోటు లాక్కుని వీధిలోకి పరిగెత్తింది.

---

తపాలా బండి చావడి ముందు ఆగి ఉంది. బండి తోలే మార్టి గుర్రాల కళ్ళేలు సవరిస్తున్నాడు.

"ఏదీ ఉత్తరం, ఇంజినీరుగారూ? పొద్దున్నే చెప్పి పంపారుగా."

"ఉత్తరం లేదు. నేనే వస్తున్నాను."

మార్టి ఆయన చేతినీ, టోపీలేని తలనీ, కోటునీ చూశాడు. ఏమీ అడక్కుండా తలుపు తీశాడు.

చావడికి ఎదురుగానే తొట్టి. ఆడవాళ్ళు గుంపుగా మూగి ఉన్నారు. మధ్యలో కథ్రీనా గొంతు. మాటలు వినపడటం లేదు గానీ, ఒకదాని వెనక ఒకటిగా తలలు బండి వైపు తిరగడం యోస్ట్‌కి కిటికీలోంచి కనపడింది. ఊలి తల్లి తల అన్నిటికన్నా ఆఖర్న తిరిగింది. తిరిగి, అలాగే నిలిచిపోయింది.

అవతలి తలుపు తెరుచుకుంది. సబీనా ఎక్కి ఎదుటి బెంచీ మీద కూర్చుంది. రొప్పుతోంది.

"దిగు."

"దిగను."

"దిగమన్నానా? ఊరంతా చూస్తోంది."

"చూడనీ. ఇవాళ చూడ్డానికి కొత్తేముంది."

"రేపు నేనేం చెప్పబోతున్నానో నీకు తెలుసా?"

"తెలీదు. నీకు తెలుసా?"

యోస్ట్ జేబు మీద చెయ్యి వేసుకుని కిటికీ వైపు తిరిగాడు.

"నువ్వు నిజం చెప్తే నేను వెనక బెంచీలో కూర్చుంటాను," అంది సబీనా. "నోరు విప్పను. తర్వాత ఇల్లు పోనీ, పని పోనీ, మగ్గం దగ్గర కూర్చుని నేనే నేస్తాను. ఒక్కరోజు కూడా దెప్పను. కానీ ఆ కాగితంలో ఉన్న ముక్క చదివావో, లేచి నిలబడతాను. టోబీ ఏమన్నాడో, నువ్వేమన్నావో, ఇవాళ్టి దాకా నేనెందుకు నోరు మూసుకున్నానో అంతా చెప్తాను."

"మొగుడి మీద సాక్ష్యం."

"నా మీద కూడా."

మార్టి కిటికీ దగ్గరికి వచ్చి, టికెట్ల కట్ట చేత్తో పట్టుకుని, మొహమాటంగా దగ్గాడు.

"సాంక్ట్ గాలెన్‌కి ఎన్నండీ?"

"ఒకటి," అన్నాడు యోస్ట్.

"రెండు," అంది సబీనా.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. మార్టి ఆయన్నొకసారి, ఆవిణ్ణొకసారి చూశాడు. ఇద్దర్లో ఎవరూ మాట మార్చుకునేలా లేరు. రెండు టికెట్లు చింపి బెంచీ మీద ఇద్దరికీ మధ్యలో పెట్టి, పైకెక్కి కొరడా ఝళిపించాడు.